స్వాన్సీ చర్చి తాళంచెవి

విమలకుమారి ఆంటీ అమెరికాలోని నోవైలో మా పక్కింట్లో ఉంటారు. అంతకుముందు ఆమె వేల్స్‌లోని స్వాన్సీ నగరంలో నర్సు. అక్కడి తెలుగు క్రైస్తవులు మొదట్లో ఆమె ఇంటి ముందుగదిలోనే ప్రార్థన చేసుకునేవారు. ఆ వీధి చివరి పాత వెల్ష్ చర్చికి జనం రావడం మానేశాక ముగ్గురు ముసలమ్మలు మిగిలారు. ముగ్గురికీ ఆంటీయే సేవ చేశారు. చివరామె పోయేముందు చర్చి తాళంచెవి ఆంటీ చేతిలో పెట్టింది. తెలుగు ప్రార్థనలు ఆ చర్చిలోకి మారాక ఇండియా నుంచి పాస్టర్‌ను పిలిపించింది కూడా ఆంటీయే.

మొన్న ఆదివారం ఆ తెలుగు చర్చి ఇరవయ్యో వార్షికోత్సవం. జూమ్‌లో అందరం చూద్దామని ఆంటీ మా చర్చివాళ్లను పిలిచి బిర్యానీ వండారు. పట్టుచీర కట్టుకుని టీవీ ముందు కూర్చున్నారు.

పాస్టర్ చర్చి చరిత్ర చదివాడు. "నేనొచ్చేనాటికి ఈ ఊళ్లో తెలుగు ప్రార్థనే లేదు. దేవుడే నాకీ తాళంచెవి ఇచ్చాడు." తెరమీద పాత ఫొటో వచ్చింది. తాళంచెవి పట్టుకుని ఆంటీ నవ్వుతున్నారు. "ఈ సిస్టర్ వంటల్లో హెల్ప్ చేసేవారు."

"అయ్యగారూ, నేను విమలకుమారిని!" అని ఆంటీ అరిచారు.

పాస్టర్ కెమెరాకేసి చూశాడు. "ఎవరో ఆంటీ మాట్లాడుతున్నారు. డిస్టర్బ్ అవుతోంది, ప్లీజ్ మ్యూట్ చేయండి."

సిగ్గులేని మనిషి! నాకు ఒళ్లు మండింది. కానీ లాప్‌టాప్ నా ఒళ్లోనే ఉంది, మ్యూట్ నొక్కింది నేనే.

అది తెలియని ఆంటీ తాళంచెవి కథ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టారు. మేం ప్లేట్లు తీసుకుని బిర్యానీ దగ్గర వరుసకట్టాం.