చారు గిన్నెలో నానిన వాల్వు

నా కొడుకు పోయాడు. కారుకు వేసే గాస్కెట్ తెస్తానని బైకు మీద సారపాక వెళ్లినవాడిని లారీ గుద్దిందని ఫోన్ వచ్చింది. నేను భద్రాచలం దవాఖానాకు చేరేసరికి ముఖం మీద గుడ్డ కప్పేశారు. నాకు రాత అంతగా రాదు. చదివేవాళ్లు తప్పులుంటే సర్దుకోండి.

వాడు డీజిల్ కార్లు బాగుచేసేవాడు. నల్లపొగ కక్కుతూ ఎత్తు ఎక్కలేని కార్లు మా రేకుల షెడ్డుకు వచ్చేవి. ఇంజన్ వదిలిన పొగలో కొంత మళ్లీ లోపలికి పంపే మూత ఒకటి ఉంటుందట, ఈజీఆర్ వాల్వు అంటారు. వాడు దాన్ని విప్పి వేలితో నొక్కి చూసేవాడు. నొక్కితే పోవాలి, వదిలితే తిరిగి రావాలి. మసి పడితే ఇరుక్కుపోతుంది. కొందరు రేకు ముక్క పెట్టి ఆ దారే మూసేస్తారు. వీడు ఒప్పుకునేవాడు కాదు.

"కడుపు నొస్తే నోరు కుడతమానే అమ్మా? కడగాలె గని."

ఆ ఇనుప ముక్కను నా చారు గిన్నెలోనే డీజిల్ పోసి నానేసేవాడు. "చారు గిన్నె ఖరాబు చేస్తివి గదరా" అంటే, "నీ చారు కంటె ఇదే చిక్కగుంటది తియ్" అని నవ్వేవాడు. ఒకసారి మురికని నేను పారబోశాను. అందులో చిన్న స్ప్రింగు పోయింది. నా పిండి జల్లెడతో పెరట్లో మన్నంతా జల్లించి పట్టుకున్నాడు. తిట్టలేదు. "ఇగ నాకు చెప్పకుండ పారబొయ్యకు" అన్నాడు, అంతే.

సారపాక పోయిన ఆ పొద్దున కూడా ఒక వాల్వు నానేసి, "వచ్చినంక కడుగుత" అని పోయాడు.

వాడు పోయిన పదో రోజున ఆ వాల్వు తాలూకు కారు ఆయన వచ్చాడు. ఆయనది అడవిలోపలి ఊరు.

"అక్కా, అడగనీకె నోరొస్తలేదు. మా ఊర్ల బండి ఇదొక్కటే. నా బిడ్డకు నెలలు నిండినయ్."

"వాడొచ్చి కడుగుతనన్నడు. జర ఆగు," అన్నాను.

ఆయన షెడ్డు గుమ్మంలో కూర్చుని తల వంచుకున్నాడు. నేనేమన్నానో అప్పుడు నా చెవికి వినిపించింది.

వాడి బ్రష్షు తీసుకుని ఆ వాల్వును నేనే రుద్దాను. నొక్కితే పోయింది, వదిలితే రాలేదు. గోళ్లు నల్లబడేదాకా మళ్లీ రుద్దాను. ఈసారి వచ్చింది. పోయినది తిరిగి రావడం చూసేసరికి నాకు ఏడుపు ఆగలేదు. ఇనుముకున్న భాగ్యం నాకు లేదు.

దవాఖానాలో ఇచ్చిన వాడి చొక్కా జేబులో గాస్కెట్ ఉంది, వాల్వు కింద పెట్టి బిగించే పలచని చిల్లుల రేకు. కాస్త కూడా వంగలేదు. బియ్యం డబ్బాలో దాచుకున్నాను. అదీ తెచ్చి ఇచ్చాను. వాడికి పని నేర్పిన ఉస్తాదు వచ్చి బిగించాడు. కారు అడవి వైపు ఎత్తు ఎక్కిపోయింది. కనుమరుగయ్యేదాకా చూశాను. వెనక పొగ లేదు.

గిన్నెలో ఆ నల్ల డీజిల్ అట్లాగే ఉంది. వాడికి చెప్పకుండా పారబోయలేను. ఆలస్యంగా వచ్చేవాళ్ల అన్నం మీద మూసినట్టు, దాని మీద పళ్లెం బోర్లించి పెట్టాను.