రింగుల ఇల్లు

2006 మే నెల. గుడివాడలో ఉంటూ బ్యాంకులకి ఇళ్ళ వాల్యుయేషన్ చెయ్యటం మొదలుపెట్టి అప్పటికి తొమ్మిదేళ్ళయింది. బాకీ తీరని ఇంటిని బ్యాంకు కాగితం మీద స్వాధీనం చేసుకున్నాక, వేలం ప్రకటన ఇచ్చేముందు నాలాంటి సివిల్ ఇంజినీర్ని పంపిస్తుంది. స్థలం కొలిచి, కట్టుబడి చూసి, ఆ ఇల్లు ఎంత చేస్తుందో మేం రాసిస్తాం. దాన్నిబట్టి రిజర్వ్ ప్రైస్ పెడతారు. వేలంలో పాట అంతకంటే కింద మొదలవకూడదన్నమాట.

మచిలీపట్నం నుంచి ఒక బ్యాంకు రికవరీ ఆఫీసరు ఫోన్ చేసి, హంసలదీవికి ఈవల ఒక మత్స్యకారుల పల్లెలో ఇల్లు చూసి రమ్మన్నాడు. యజమాని పేరు నాంచారయ్య. ఎండుచేపల వ్యాపారి. రొయ్యల చెరువులు వేసి దెబ్బతిన్నాడు. "ఇల్లు కొంచెం తేడాగా ఉంటుందండి, మీరే చూస్తారుగా," అని నవ్వాడు ఆఫీసరు. ఫైల్లో లోను ఇచ్చేటప్పుడు ఇంకో వాల్యుయర్ రాసిన పాత రిపోర్టు ఉంది. కట్టుబడి స్థితి అన్నచోట 'బాగుంది' అని ఒక్క ముక్క.

కోడూరు దాకా బస్సులో, అక్కణ్ణించి ఆటోలో వెళ్ళాను. పల్లెలో మిగతావన్నీ తాటాకు ఇళ్ళు, పెంకుటిళ్ళు. వాటి మధ్య ఇదొక్కటే ఎనిమిదడుగుల స్తంభాల మీద నిలబడి ఉంది. కింద గోడల్లేవు. వలలు, చేపల గంపలు, ఒక మూల పొయ్యి, రెండు మంచాలు. కాపరమంతా అక్కడే. ఇంటిముందు ముప్పైమంది దాకా నిలబడి ఉన్నారు. బ్యాంకు తరఫున మనిషి వస్తున్నాడని తెలిసి, ఇల్లు అమ్మొద్దని అర్జీ రాసుకుని వచ్చినవాళ్ళు. నన్ను ఆపలేదు గానీ దారీ ఇవ్వలేదు. నాంచారయ్యే వచ్చి వాళ్ళకి సర్దిచెప్పి నన్ను పైకి తీసుకెళ్ళాడు. యాభై దాటిన మనిషి, ఎండకి నల్లబడిన మొహం, మాట నెమ్మది. వెనకే ఆయన భార్య కోటేశ్వరమ్మ వచ్చింది.

మామూలు ఇంటికి మూడడుగుల మెట్లుంటే గొప్ప. ఇవి ఆరడుగుల వెడల్పు. పైకెళితే గదులు లేవు. ఒకటే పెద్ద హాలు. సముద్రం వైపు గోడకి ఒక్క కిటికీ కూడా లేదు. మిగతా మూడు గోడల పొడుగునా ఇనప రింగులు బిగించి ఉన్నాయి. నడుము ఎత్తున ఒక వరస. ఒక్కోదానికి నైలాను తాడు ముడేసి వేలాడుతోంది. దాని కింద, నా మోకాలికి కాస్త పైన, చిన్న రింగుల వరస ఇంకొకటి.

గొడ్లని మేడమీద ఎవరూ కట్టరు. మరి ఇక్కడ ఎవర్ని కట్టేస్తున్నారు? దగ్గరికి వెళ్ళి చూస్తే ప్రతి రింగు పైనా నీలం రంగుతో ఒక పేరు రాసి ఉంది. చిన్న రింగుల పైనా పేర్లే.

"పిల్లల్ని కూడా కడతారా?" అని అడిగాను.

"ముందు వాళ్ళనే కడతామండి," అన్నాడు నాంచారయ్య.

నా మొహం చూసి, అప్పుడు విషయం చెప్పాడు. డెబ్భై ఏడు ఉప్పెన నాటికి ఆయనకి ఇరవై ఏడేళ్ళు. నీళ్ళు మీదకొచ్చినప్పుడు తాటిచెట్టు దొరికింది. "ఒక చేత్తో చెట్టు పట్టుకున్నానండి. ఇంకో చేతిలో ఇద్దరు పిల్లలు. ఎంతసేపని పట్టుకుంటాను?" అన్నాడు. కోటేశ్వరమ్మ మొహం తిప్పుకుంది.

ఆ తర్వాత పదేళ్ళు కష్టపడి, ఎనభై ఎనిమిదిలో ఈ ఇల్లు కట్టాడు. కట్టింది పల్లె కోసం. తుపానంటే అందరూ పైకెక్కి ఎవరి రింగుకి వాళ్ళు నడుముకి తాడు కట్టుకుంటారు. అప్పుడు రెండు చేతులూ పిల్లల్ని పట్టుకోవటానికి మిగులుతాయి. పల్లెలో బిడ్డకి పేరు పెట్టగానే ఇక్కడ గోడమీద రాయిస్తారు. తొంభైలో మే నెల తుపానుకి వందమందికి పైగా ఇందులో తలదాచుకుంటే ఒక్కరికీ చిన్న దెబ్బ కూడా తగల్లేదు. కిందున్న జనం అర్జీ ఎందుకు రాసుకొచ్చారో అప్పుడర్థమైంది.

కొలతలు తీసుకోవటం అయింది. గోడలకి కొత్తగా సున్నం వేసి ఉంది. చూడటానికి దివ్యంగా ఉంది. టేపు చుట్టి సంచిలో పెడుతుంటే, ఒక చిన్న రింగు చుట్టూ సున్నం మీద ఎర్రటి మరక కనిపించింది. పైన బీముకీ అలాంటి చారే ఉంది. స్టూలు అడిగి, ఎక్కి, సుత్తితో తట్టాను.

గట్టి కాంక్రీటు ఖణేల్‌మంటుంది. ఇది పగిలిన కుండలా మోగింది. రెండో దెబ్బకి అరచెయ్యంత పెచ్చు ఊడి కిందపడింది. లోపల చిటికెనవేలంత లావుండాల్సిన ఇనప ఊచ, అగ్గిపుల్లంత మిగిలింది. మిగతాదంతా పొరలు పొరలుగా తుప్పు. ఇంకో నాలుగుచోట్ల తట్టాను. అన్నిచోట్లా అదే. స్టూలు దిగేశాను.

ఇసుక ఎక్కడిదని అడిగాను. సముద్రపొడ్డు నుంచి బండ్లమీద తోలించామన్నాడు. నీళ్ళు పక్కనున్న ఉప్పుబావివి. తాగటానికి పనికిరావు గానీ కట్టుబడికి ఫరవాలేదని తాపీమేస్త్రి చెప్పాడట. పగుళ్ళు వచ్చినప్పుడల్లా సిమెంటు మెత్తి సున్నం వేస్తున్నామని కోటేశ్వరమ్మ చెప్పింది. కాంక్రీటులో ఉప్పుంటే లోపలి ఇనుముని ఏళ్ళ తరబడి తింటుంది. తుప్పు ఉబ్బి కాంక్రీటుని పగలగొడుతుంది. పైకి సున్నం తెల్లగానే ఉంటుంది.

మరక ఉన్న చిన్న రింగుని పట్టుకుని లాగాను. పెద్దగా బలం పెట్టలేదు. గుప్పెడు సిమెంటు పొడితో సహా చేతిలోకి ఊడొచ్చింది. దానిపైన 'దుర్గ' అని రాసి ఉంది.

నాంచారయ్య పక్క రింగు తనే లాగాడు. అది నిలిచింది. దాని పక్కది ఊడింది. ఆ తర్వాతది కూడా. నాలుగోదాని మీద చెయ్యి వేసి, లాగకుండా వదిలేశాడు.

"తొంభైలో నిలబడింది కదండీ?" అంది కోటేశ్వరమ్మ.

"అప్పటికి దీని వయసు రెండేళ్ళేనమ్మా."

ఆయన గోడకి చేరబడి కూర్చున్నాడు. కిందవాళ్ళకి మాత్రం చెప్పొద్దన్నాడు. "ఇది ఉందనే ధైర్యంతోనే పడుకుంటున్నారండి. ఇది కూడా లేదంటే ఎట్లా?"

నా రిపోర్టు బ్యాంకుకి తప్ప ఇంకెవరికీ చెప్పకూడదన్నది మా వృత్తి నియమం. ఆ నియమం వెనక దాక్కుని బస్సెక్కెయ్యాలని ఒక్క నిమిషం అనిపించింది కూడా. కానీ చేతిలో ఆ చిన్న రింగు ఉంది. "గాలి లేచిన రోజు వాళ్ళు వచ్చేది ఇక్కడికే కదా నాంచారయ్య గారూ," అన్నాను.

ఆయన లేచి కిందకి దిగాడు. తనే చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. ఇల్లు చవగ్గా కొట్టెయ్యటానికి బ్యాంకువాళ్ళు ఆడిస్తున్న నాటకమని, అర్జీ పట్టుకొచ్చిన ముసలాయన నా మొహం మీదే అన్నాడు. నాంచారయ్య నా దగ్గరికి వచ్చి సుత్తి అడిగి తీసుకున్నాడు. ఓ గంప బోర్లించి, దానిమీదెక్కి, హాలుని మోస్తున్న బీముని కింద నుంచి కొట్టాడు. పద్దెనిమిదేళ్ళ కిందట తను దగ్గరుండి పోయించిన బీము అది. పెచ్చులు ఆయన భుజాల మీద రాలాయి. తుప్పు ఊచలు బయటపడ్డాయి. వద్దని నేనే వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. ముసలాయన అర్జీని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కట్టుబడికి విలువ లేదు, మనుషులు ఉండటానికి పనికిరాదు అని రిపోర్టు రాశాను. స్థలానికే ధర కట్టాను. ఇలా రాస్తే పాటకి ఎవరొస్తారని రికవరీ ఆఫీసరు విసుక్కున్నాడు. మార్చనన్నాను. నాంచారయ్య దంపతులు కోడూరులో అద్దెకి చేరారు.

ఆ అక్టోబరు ఆఖర్లో తుపాను వచ్చింది. పల్లెవాళ్ళు పసిపిల్లల్ని చంకనేసుకుని వానలో కోడూరు బడి దాకా నడిచారు. తిరిగొచ్చేసరికి ఇల్లు చెక్కుచెదరలేదు. నన్ను ఎంత తిట్టుకున్నారో నాంచారయ్యే ఫోన్లో చెప్పాడు. కొన్నాళ్ళు నాకు నిద్ర సరిగా పట్టలేదు. నేనే పొరబడ్డానేమో, ఒక పల్లె ధైర్యాన్ని ఊరికే చెడగొట్టానేమో అనుకున్నాను.

ఫిబ్రవరిలో మళ్ళీ ఫోన్ చేశాడు. ఆకు కూడా కదలని మధ్యాహ్నం, హాలు మొత్తం కిందకి కూలిపోయిందన్నాడు. "లోపల ఎవరూ లేరండి," అని రెండుసార్లు చెప్పాడు. 

ఆ పాత రిపోర్టులో 'బాగుంది' అని రాసిన మనిషిని తిట్టుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. ఆ రోజు బీరువా తెరిచి నా ఫైళ్ళు తీశాను. సముద్రం దగ్గర నేను చూసిన ఇళ్ళు పదకొండు ఉన్నాయి. అన్నిట్లోనూ అదే మాట, నా చేతిరాతతో. ఒక్క ఇంట్లోనూ సుత్తి వాడిన గుర్తు లేదు. మర్నాడు పొద్దున్నే మొదటి ఇంటికి బయల్దేరాను. పదకొండూ చూడటానికి రెండు నెలలు పట్టింది. వాటిలో రెండిళ్ళ తలుపు కొట్టి, నేను రాసింది తప్పని చెప్పాల్సి వచ్చింది.