ఎవరూ చూడని బంతి

తిరువూరు బస్టాండులో విజయవాడ బస్సు కోసం కూర్చున్నాను. కాళ్ల దగ్గర అమ్మకానికి మామిడికాయల బుట్ట. అందరిలాగే నేనూ పెద్దకాయలు పైన, చిన్నవి అడుగున సర్దాను. పక్కన ఒకాయన పొడవాటి సంచీని ఒళ్లో పెట్టుకున్నాడు.

"మా అమ్మాయిదండీ," అన్నాడు, కుళాయి దగ్గర నీళ్లు పట్టుకుంటున్న పిల్లను చూపించి. "గోల్ఫ్ ఆడుతుంది. కొత్తగా ప్రొఫెషనలైన ఆడపిల్లలకి ఊరూరా పోటీలు పెడతారు, పెద్దవాటికి తయారవ్వాలని. అలాంటిదొకటి ఆడి వస్తున్నాం."

"గెలిచిందా?"

"లేదండీ. కర్ర తగిలి గడ్డిలో బంతి రవ్వంత కదిలింది. ఎవరూ చూళ్లేదు. తనే చెప్పి జరిమానాగా ఒక షాట్ ఎక్కువ రాయించుకుంది. ఈ ఆటలో తక్కువ షాట్లు కొట్టినవాళ్లదే గెలుపు. ఆ ఒక్క షాట్‌తోనే కప్పు పోయింది!" ఆయన ముఖం కప్పు తెచ్చినట్టే వెలిగిపోతోంది.

బస్సొచ్చేలోపు అడుగునున్న చిన్నకాయలు కొన్ని తీసి పైన పెట్టాను. ఆయన చూళ్లేదు.