ఎవరు చెబితే వాళ్లే చేయాలి

కరీంనగర్ శివార్లలో ఐదంతస్తుల భవనం ఒకటి కడుతుంటే అక్కడ నేను సైట్ సూపర్‌వైజర్‌ని. ప్రతి సోమవారం పని మొదలయ్యే ముందు కూలీలను పోగుచేసి, ఎక్కడ ప్రమాదం ఉందో వాళ్లతోనే చెప్పించి రిజిస్టర్‌లో రాయమని కంపెనీ ఆదేశం. ఆ పది నిమిషాలు నాకు దండగ అనిపించేది.

మొదటి సోమవారం, లక్సెట్టిపేట నుంచి వచ్చిన సుతారి మేస్త్రి ఒకతను లేచాడు.

"సారు, లిఫ్టు గుంతకు అడ్డం ఏం లేదు. సిమెంటు మాల్ మోసేటోళ్లు జర ఎనకకు జరిగిన్రంటే గంతే."

"మంచిగ చూసినవ్. చూసింది నువ్వే గద, నువ్వే కట్టు," అన్నాను.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అతను తన గోడ పని వదిలేసి, మధ్యాహ్నం దాకా వెదురుబొంగులు ఏరి అడ్డం కట్టాడు. "జరుగుండ్రి, సేఫ్టీ సేటు వస్తుండు," అంటూ తోటి మేస్త్రీలు రెండు రోజులు అతన్ని ఆడుకున్నారు.

తర్వాతి వారం, భైంసా నుంచి వచ్చి తట్టలు మోసే ఒక నడివయసు ఆమె, మెట్ల దగ్గర చీకటిగా ఉందని చెప్పింది. బల్బు పెట్టించడానికి వైరు చుట్ట ఆమెతోనే పైకి మోయించాను. ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా అక్కడే కాపలా ఉండమన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఇప్పుడు తలచుకుంటే రోత పుడుతుంది.

మూడో వారం నుంచి ఎవరూ నోరు విప్పలేదు. "ఫిర్యాదులు లేవు" అని రాసి వేలిముద్రలు వేయించుకున్నాను. ఆఫీసులో నా సైటును మెచ్చుకుంటే సిగ్గులేకుండా విన్నాను.

కూతురి కాన్పుకని ఆ తట్టలు మోసే ఆమె పది రోజులు ఊరికి పోయింది. ఆ మధ్యలోనే రెండో అంతస్తు పరంజా మీద ఒక చెక్క పగిలింది. అక్కడికి రాగానే ప్రతి ఒక్కరూ పెద్ద అంగ వేసి దాటేవాళ్లు. ఆ అంగలు నేనూ చూశాను. ఎందుకని అడగలేదు. అడిగితే పని ఆపి చెక్క మార్పించాల్సి వచ్చేది.

ఆమె తిరిగొచ్చిన రోజే, నెత్తిన తట్టతో ఆ చెక్క మీద కాలు వేసింది. కింద ఇటుకల కుప్ప మీద పడింది. తుంటి ఎముక విరిగింది.

ఆసుపత్రి వరండాలో ఆ సుతారి మేస్త్రి నా దగ్గరకొచ్చాడు. "అందరికి ఎరుకనే సారు. చెప్తే గా చెక్క మార్చుడు నా మీదనే వడ్తదని ఊకున్న. ఆమె వచ్చిందన్న సోయి లేకపాయె." తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

అప్పుడు నేనన్న మాట, "గిది ఎవ్వలతోని అనకు."

ఆమె చూసుకోకుండా నడవడం వల్లే పడిందని నేనే రిపోర్టు రాశాను. చెక్క గురించి ఎవరూ ఫిర్యాదు చేయలేదనడానికి నా రిజిస్టరే సాక్ష్యం. తప్పు ఆమెదని తేలడంతో, మందుల ఖర్చు ఇచ్చి కంపెనీ చేతులు దులుపుకుంది. నష్టపరిహారం మాటే లేదు.

మూడు నెలల తర్వాత భైంసాలో ఆమె ఇంటికి వెళ్లాను. ఆ రిపోర్టు అబద్ధమని, మళ్లీ రాస్తానని చెప్పాలనే బయలుదేరాను. ఆమె మంచం మీద కూర్చుని ఉంది. పక్కన చేతికర్ర.

"తప్పు నాదేనని రాసిన్రట గద సారు?"

తల ఊపాను.

"గా చెక్క సంగతి నీకు ఎవ్వలు చెప్పలేదా?"

"చెప్పలే."

"నేనున్నా చెప్పకపోతుంటి తియ్యి. చెప్తే గా చెక్క నాతోనే మోయిస్తుంటివి."

ఆ గొంతులో కోపం కూడా లేదు. లోపలున్న కూతురిని పిలిచి సారుకు చాయ్ పెట్టమంది.

రిపోర్టు మారిస్తే నా ఉద్యోగం పోతుంది. చాయ్ వచ్చేదాకా అదే ఆలోచిస్తూ కూర్చున్నాను. వచ్చాక మొత్తం తాగాను. ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి లేచాను. ఆ రిపోర్టు కింద ఇవాళ్టికీ నా సంతకమే ఉంది.