గోడ మీద రాసిన మనిషి

విద్యార్థి ఉద్యమాల చరిత్ర మీద మూడేళ్లుగా పరిశోధన చేస్తున్నాను. నాయకులు తమ గురించి తామే రాసుకున్నారు. మిగతావాళ్ల గురించి రాసింది పోలీసులే. ఒక కాలేజీ గోడ మీద నినాదం రాసినవాళ్లను వాళ్లు ‘గుర్తు తెలియని వ్యక్తులు’ అని తేల్చేశారు.

ఈ రోజు సూరత్‌లో ఆ రాసినవాళ్లలో ఒక మనిషి దొరికాడు. ఏ గల్లీయో అడగకండి. బట్టల మిల్లులో మరమగ్గాల మోతకు ఆయన చెవులు పోయాయి కాబట్టి, గోడ మీద రాసింది మీరేనా అని కాగితం మీద రాసిచ్చాను. పెన్ను తీసుకుని ఆ నినాదమే మళ్లీ రాశాడు. నా దగ్గరున్న ఆ గోడ పాత ఫోటోలోలాగే, తలకట్టు పైకి లేచిన అవే అక్షరాలు!

అంతలోనే ఆ కాగితాన్ని చాయ్ మరుగుతున్న పొయ్యి మంటకు అంటించేశాడు.

“నా పేరు ఏడ గూడ రాయకు బిడ్డా. మా పోరనికి సర్కార్ నౌకరి అచ్చేటట్టున్నది. పోలీసోళ్లు ఇంటికచ్చి అడుగుతరు.”

“ముప్పై ఐదేళ్లయింది కదా కాకా!” అని అరిచాను. వినబడలేదో, వినదలచుకోలేదో.

లాడ్జి గదికొచ్చి థీసిస్ తెరిచి, గంటసేపు కూర్చుని, ఆయన పేరుండాల్సిన చోట ‘గుర్తు తెలియని వ్యక్తి’ అని రాశాను. మూడేళ్లుగా నేను తిట్టిపోస్తున్న పోలీసుల మాటే. మీరైతే ఏం రాసేవాళ్లు?