మేము అంటే ఎవరు?

మా అక్క పనిచేసే సూపర్ మార్కెట్లో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు. అందరికీ అక్కే. గోడౌన్లో పెట్టెలు దించే పెద్దాయన ఆమెకంటే పదేళ్ళు పెద్ద, ఆయనకీ అక్కే. ఎప్పుడైనా నేను వెళ్ళి "మా అక్క ఉందా?" అని అడిగితే "మా అక్కా? లోపల స్టాకు చూస్తోందండీ" అంటారు. తోడబుట్టినదాన్ని నేనుండగా మధ్యలో వీళ్ళ వాటా ఏమిటో నాకర్థం కాదు. నాకు కుళ్ళు కొంచెం ఎక్కువ. నోరు ఇంకా ఎక్కువ. ఆ నోటి వల్ల ఏం జరిగిందో చెప్పకుండా మా అక్క గురించి చెప్పడం కుదరదు.

అక్క ఆ షాపులో చేరి పదకొండేళ్ళయింది. మొదట సంచుల్లో సామాను సర్దే పని, తర్వాత బిల్లింగ్ కౌంటరు, ఆ తర్వాత ఫ్లోర్ ఇన్‌చార్జి. ఇన్‌చార్జి అంటే పొద్దున్నే షట్టరు ఎత్తించాలి. అరల్లో వెనక్కి జరిగిపోయిన డబ్బాలను పేరు కనబడేలా ముందుకు లాగించాలి. రానివాళ్ళ బదులు తనే కౌంటర్లో కూర్చోవాలి. నిన్న కొన్న బకెట్టు ఇవాళ కారుతోందని అరిచే మనిషిని నవ్వించి పంపాలి. ఈ జబ్బు ఇంటికి కూడా పాకింది. వంటింట్లో ఏ డబ్బానైనా పేరున్న వైపు గోడకు తిప్పి పెట్టారంటే ఆ పూట మా బావకు మూడినట్టే.

ఈ పదకొండేళ్ళలో నలుగురు మేనేజర్లు వచ్చారు, వెళ్ళారు. నలుగురికీ పని నేర్పింది మా అక్కే. ప్రతివాడూ మొదటి రోజు "అక్కా, కొంచెం చూపిస్తారా?" అంటాడు. ఆరు నెలలు తిరిగేసరికి "ఏంటమ్మా, ఇంకా అవలేదా?" అంటాడు. నాలుగో ఆయనకు బదిలీ అయి ఆ కుర్చీ మళ్ళీ ఖాళీ అయింది. ఆ కంపెనీలో ఒక నిబంధన ఉంది: నలభై నిండినవాళ్ళు మేనేజరు పోస్టుకు దరఖాస్తు పెట్టకూడదు. అక్కకు నలభై నిండడానికి ఇంకా రెండే నెలలు. ఈసారి తప్పిపోతే ఇక జన్మలో లేదు. అయిదోవాడికి, ఆరోవాడికి, ఓపికున్నంతకాలం వచ్చిన ప్రతివాడికీ స్టాకు గదికి దారి చూపిస్తూ ఉండాల్సిందే.

రెండేళ్ళ కిందట కూడా ఒకసారి ఇంటర్వ్యూకి పిలిచారు. ఉద్యోగం రాలేదు. ఎందుకు రాలేదో, ఆ ఉద్యోగంలోకి వచ్చిన నాలుగో మేనేజరే కనుక్కుని మరీ చెప్పాడు. "మీరు అన్నింటికీ మేం చేశాం, మేం చూశాం అన్నారటండీ. అసలు మీరు చేసిందేమిటో వాళ్ళకు అర్థం కాలేదట." అక్క ఆ మాట ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పింది. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

అందుకే ఈసారి వారం ముందునుంచే నేను రంగంలోకి దిగాను. నేనొక పళ్ళ డాక్టరు దగ్గర ముందు బల్ల మీద కూర్చుని ఫోన్లు ఎత్తే ఉద్యోగం చేస్తాను. సాయంత్రం అక్కడినుంచి నేరుగా అక్క ఇంటికే. బావ పేపరు అడ్డం పెట్టుకుని, గొంతు బరువు చేసుకుని అడిగేవాడు.

"మీ షాపులో మీరు సాధించిన గొప్ప పని ఏమిటండీ?"

"ఒకసారి సబ్బుల లెక్క తేడా వస్తే మా కౌంటరు పిల్ల మీద దొంగతనం పెట్టారండీ. అప్పుడు మేం..."

"మేం కాదు, నేను!" అని నేను అరిచేదాన్ని.

"నేను..." అని అక్కడే ఆగిపోయేది.

"ఏం, నాలుక మీద ముల్లుందా?"

"అది కాదే. పెద్దాయన నిచ్చెనెక్కి పెట్టెలు దించకపోతే, కౌంటర్లో మిగతా ఇద్దరూ కూర్చుని లెక్కపెట్టకపోతే ఏమయ్యేది? అంతా నేనొక్కదాన్నే చేశానని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"సెలవురోజు లెక్కపెట్టడానికి వాళ్ళంతట వాళ్ళు వచ్చారా? పిలిచిందెవరు?"

"మనమే పిలిచాం."

"మనమా? నేనెప్పుడు పిలిచానే తల్లీ!"

బావ పేపరు వెనక ఒకటే నవ్వు. నేను తల పట్టుకున్నాను.

ఆ సబ్బుల సంగతి నిజంగా చెప్పుకోదగ్గది. లెక్క ప్రకారం ఉండాల్సిన సరుకు అరలో లేకపోతే దాన్ని వాళ్ళు తరుగు అంటారు. ఏడాది చివర లెక్కలో నీలం రంగు సబ్బులు రెండు వందల పన్నెండు తరుగు వచ్చాయి. ఎక్కువ అమ్మింది రెండో కౌంటరు పిల్ల కాబట్టి ఆ పిల్లే ఎత్తుకెళ్ళి ఉంటుందన్నారు. ఉద్యోగం తీసేసే కాగితం కూడా తయారైంది. అందరూ నీలం సబ్బునే చూస్తుంటే అక్క ఒక్కతే "పక్కనున్న పచ్చ సబ్బు ఎన్నుందో చూశారా?" అంది. లెక్కపెడితే పచ్చ సబ్బులు సరిగ్గా రెండు వందల పన్నెండు ఎక్కువున్నాయి. రెండింటిదీ ఒకటే ధర. తొందరలో నీలంసబ్బు కొన్నవాళ్ళకు కూడా పచ్చసబ్బు బిల్లే కొట్టేశారు, అంతే సంగతి. ఆ పిల్ల ఏడుస్తూ అక్క కాళ్ళ మీద పడబోయిందట. ఇంటర్వ్యూలో ఈ ఒక్కటీ "నేను" అని చెప్తే చాలు, ఉద్యోగం నడుచుకుంటూ వస్తుందని నా నమ్మకం.

ఇంటర్వ్యూ రోజు నేను సెలవు పెట్టి వెంట వెళ్ళాను. హెడ్డాఫీసు మూడో అంతస్తులో సన్నటి వసారా, గోడవారగా ఆరు కుర్చీలు. ఇంటర్వ్యూ గదికి గోడ కూడా లేదు, ప్లైవుడ్ చెక్క అడ్డం పెట్టారు. లోపల కుర్చీ జరిపినా బయటికి వినబడుతోంది. అక్క పొద్దున అరకప్పు టీ తప్ప ఏమీ తాగలేదు. ఫైలు తెరవడం, సర్టిఫికెట్లు చూసుకోవడం, మూయడం, మళ్ళీ తెరవడం. చేతులకు చెమట పట్టి అట్ట మీద వేళ్ళ ముద్రలు పడుతున్నాయి. మాకంటే ముందు లోపలికెళ్ళిన ఒకావిడ నాలుగు నిమిషాల్లో బయటికొచ్చేసి, ఎవరి మొహమూ చూడకుండా లిఫ్టు మీట పదిసార్లు నొక్కి వెళ్ళిపోయింది. "ఆవిడకేం తెలీదులే, నీకేం భయం లేదు" అన్నాను. అక్క వింటున్నట్టు లేదు.

పక్క కుర్చీలో టై కట్టుకున్న ముప్పై ఏళ్ళాయన కూర్చున్నాడు. ఆయన మోకాలు ఒక్క క్షణం ఆగట్లేదు, ఆ ఊపుకు మా కుర్చీలు కూడా కదులుతున్నాయి.

"మీరు కూడా దీనికేనా అండీ?" అని అక్కను పలకరించాడు. "నేను పనిచేసే షాపు మూతబడి అయిదు నెలలైంది. ఇది ఏడో ఇంటర్వ్యూ. తరుగు గురించి అడుగుతారట. దొంగతనాలు జరక్కుండా కెమెరాలు పెట్టిస్తాం అని చెప్తే సరిపోతుందంటారా?"

"కెమెరాలు తర్వాతండీ," అంది మా అక్క. "ముందు పక్క సరుకు లెక్క చూడాలి."

నేను అక్కను మోచేత్తో పొడిచాను.

"పక్క సరుకా?" అన్నాడాయన.

"అక్కా, మంచినీళ్ళు తాగొద్దాం రా," అన్నాను.

"ఉండవే, ఆయన కంగారు పడుతున్నారు." పదకొండేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? కొత్తగా వచ్చిన మేనేజరుకు నేర్పినట్టే నీలం సబ్బు, పచ్చ సబ్బు, రెండు వందల పన్నెండు, కౌంటరు పిల్ల, అంతా పూసగుచ్చినట్టు చెప్పేసింది. పొద్దున్నుంచీ అప్పుడే ఆమె మొహంలో కాస్త కళ వచ్చింది. నేనేమో పళ్ళు కొరుకుతూ కూర్చున్నాను.

ముందు ఆయన్నే పిలిచారు. అయిదు నిమిషాలు కూడా కాలేదు, చెక్కగోడ అవతలినుంచి గొంతు వినబడింది. "మా షాపులో ఒకసారి సబ్బుల తరుగు వచ్చిందండీ. ఒక కౌంటరు అమ్మాయిని అనుమానించారు. నేను మాత్రం వెంటనే పక్క సరుకు చూడమన్నాను. నేనే దగ్గరుండి లెక్కపెట్టించాను. నేను..." తొమ్మిదిసార్లు అన్నాడు. వేళ్ళమీద లెక్కపెట్టాను.

"విన్నావా?" అన్నాను.

అక్క మొహం పాలిపోయింది. "కంగారులో అనేసి ఉంటాడు," అంది చిన్నగా.

"కంగారులో మనిషి తన పేరు మర్చిపోతాడు గానీ నీ కథ ఎత్తుకెళ్తాడా! లోపలికెళ్ళగానే అది నాదని చెప్పు. తెలిసిందా? నాది అను."

తల ఊపింది. ఆయన బయటికొచ్చి, నేల చూస్తూ "థాంక్సండీ" అని కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత అక్క వెళ్ళింది. నేను చెక్కగోడకు ఆనుకుని కూర్చున్నాను. లోపల ముగ్గురున్నట్టున్నారు, ఎక్కువగా అడుగుతున్నది ఒక ఆడమనిషి. షాపు గురించి, పనివాళ్ళ గురించి అడిగితే అక్క బాగానే చెప్పింది. మాట తడబడలేదు. ఆ తర్వాత తరుగు దగ్గరికొచ్చారు.

"...పచ్చ సబ్బు లెక్క చూస్తే సరిగ్గా రెండు వందల పన్నెండు ఎక్కువున్నాయండీ. అలా మేం ఆ అమ్మాయిని..."

"ఒక్క నిమిషం," అంది ఆ ఆడగొంతు. "ఇదే సంగతి ఇందాక ఇంకొకరు చెప్పారు. అంకెతో సహా. మీరిప్పుడు మేం అంటున్నారు. మేం అంటే ఎవరు? మీరూ, ఆయనా కలిసి చేశారా?"

లోపల కుర్చీ కొంచెం జరిగిన చప్పుడైంది.

"చెప్పండి. ఇది ఎవరు చేసిన పని?"

చెప్పవే, ఒక్కమాట, రెండక్షరాలు, అనుకుంటున్నాను. లోపల ఎవరో పెన్ను బల్లమీద పెట్టిన చప్పుడైంది. ఒకటి, రెండు, మూడు, అని అంకెలు లెక్కపెట్టుకున్నాను. పది దాటింది. పదిహేను. గొంతులో పచ్చివెలక్కాయ పడ్డ మనిషిలా మా అక్క ఆ గదిలో కూర్చునుంటుందని నాకు కళ్ళకు కడుతోంది. రెండేళ్ళ కిందట కూడా ఇలాగే కూర్చునుంటుంది. ఇరవై. ఇక నావల్ల కాలేదు. లేచి తలుపు తోసేశాను.

"అది మా అక్క చేసిన పనండీ!" అన్నాను. అన్నానా, అరిచానా, నాకు తెలియదు. "ఆయన ఇక్కడ కూర్చుని మా అక్క నోటివెంటే విన్నాడు. నేను సాక్ష్యం. పదకొండేళ్ళుగా మీ షాపు నడిపేది మా అక్కే!"

ముగ్గురూ నావైపు చూశారు. అక్క మాత్రం వెనక్కి తిరగలేదు. ఆమె మెడ వెనక చెమట కనబడింది నాకు.

మధ్యలో కూర్చున్న మేడం కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "మీరు చెల్లెలా?" అని అడిగింది. "నలభై మంది పనివాళ్ళ తరఫున మాట్లాడాల్సిన ఉద్యోగమమ్మా ఇది. ఈవిడ తరఫున మీరు మాట్లాడుతున్నారు." తర్వాత అక్కవైపు తిరిగి, "వెళ్ళి రండి, కబురు చేస్తాం," అంది.

బస్సులో అక్క కిటికీ పక్కన కూర్చుంది. తిడుతుందని చూశాను. తిట్టలేదు. "టిక్కెట్టు తీసుకున్నావా?" అని మాత్రం అడిగింది. మూడు రోజులు ఫోను మోగిన ప్రతిసారీ నా పైప్రాణాలు పైనే పోయేవి. నాలుగో రోజు కబురొచ్చింది. ఉద్యోగం టై ఆయనకిచ్చారు. సోమవారం చేరుతున్నాడు. అక్కను వారం రోజులు ఆయనకు తోడుగా ఉండి అన్నీ చూపించమన్నారు.

సోమవారం పొద్దున డ్యూటీకి ముందు అక్క ఇంటికి పరుగెత్తాను. బావ పేపరు మడిచి, నాకు ఎదురుపడకుండా పెరట్లోకి వెళ్ళిపోయాడు. అక్క షాపు చొక్కా ఇస్త్రీ చేస్తోంది. నేను గుమ్మంలోనే నిలబడి, "నువ్వు వెళ్ళకే. మానెయ్. వాడికి నువ్వు నేర్పడమేంటి? సిగ్గు లేకుండా ఎలా వస్తాడో చూస్తాను!" అని మొదలుపెట్టాను. అక్క ఇస్త్రీపెట్టె నిలబెట్టి నావైపు చూసింది.

"నువ్వు తలుపు తీసినప్పుడు నేను నోరు తెరిచి ఉన్నానే," అంది.

నాకు అర్థం కాలేదు.

"నాకు టైం పడుతుంది. నాకెప్పుడూ టైం పడుతుంది, నీకు తెలుసుగా. కానీ ఆ రోజు మాట వచ్చేసింది. నోటిదాకా వచ్చేసింది. అప్పుడే తలుపు చప్పుడైంది."

అక్క దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. "నిజంగానా? నిజంగా చెప్పేదానివా అక్కా?"

అక్క చాలాసేపు ఆలోచించింది. ఈసారి నేను లెక్కపెట్టలేదు, మధ్యలో దూరలేదు, అలాగే నిలబడ్డాను.

"చెప్పేదాన్నేమో," అంది. "ఇప్పుడెలా తెలుస్తుందే?" అని, నా చేతిలోంచి చెయ్యి మెల్లగా తీసుకుని, చొక్కా తిప్పి రెండోవైపు ఇస్త్రీ మొదలుపెట్టింది.