బీ సైడు మాస్టారు

దెయ్యాలు, ఆత్మలు వగైరా ఏవీ నేను నమ్మను. బ్రిస్బేన్‌లో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. మందు చేతికిచ్చే ముందు చీటీ రెండుసార్లు చదివే మనిషిని. ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే, ఆ రోజు మీకు జ్వరం ఉందా, ఏం మాత్రలు వాడుతున్నారు అని అడిగి వాళ్ళ ఉత్సాహం మీద నీళ్ళు చల్లుతాను. అలాంటి నేను ఇది రాయడం నాకే సిగ్గుగా ఉంది. అయినా జరిగింది జరిగినట్టు రాస్తాను.

మాది తెనాలి. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తారీఖు మరిచిపోతాయని ప్రపంచం హడలిపోతున్న రోజులవి. ఆ పని మీదే మా నాన్నకి ఇక్కడ, బ్రిస్బేన్‌లో, ఉద్యోగం వచ్చింది. సన్నీబ్యాంక్ అనే పేటలో రెండు గదుల యూనిట్‌లో, అంటే ఫ్లాట్‌లో, దిగాం. నన్ను పన్నెండో క్లాసులో చేర్చారు. లెక్కలు, కెమిస్ట్రీ నల్లేరు మీద బండిలా సాగిపోయేవి. చిక్కంతా ఇంగ్లీషుతోనే. గ్రామరు ఒక తంటా అయితే, అమెరికా వాళ్ళ కథలు, నవల మరో తంటా. ఆస్ట్రేలియా వచ్చి అమెరికా వాళ్ళ గోల నాకెందుకని అమ్మ దగ్గర సణిగేదాన్ని.

చివరి పరీక్షలో ఇంగ్లీషు పోతే నన్ను గుంటూరు పంపి, అక్కడి రెసిడెన్షియల్ కాలేజీలో చేర్చేస్తానన్నాడు నాన్న. ఆ హాస్టల్లో అప్పటికే ఒక ఏడాది ఉండి వచ్చాను. మళ్ళీ అమ్మని వదిలి అక్కడికి వెళ్ళాలనుకుంటేనే ఏడుపొచ్చేది.

నాన్న తన గురువు చలపతి మాస్టారికి ఉత్తరం రాశాడు. మా వీధిలో సగం మందికి ఇంగ్లీషు చెప్పింది ఆయనే. పదో తరగతి దాకా నేనూ ఆయన దగ్గరే ట్యూషన్ చదివాను. ఆయన ఇంట్లో ఫోన్ లేదు. నా సిలబస్ నాన్న రాసి పంపితే, ఆయన పాఠాలు క్యాసెట్లలో రికార్డు చేసి, మా వైపు నుంచి బ్రిస్బేన్ వచ్చేవాళ్ళ సూట్‌కేసుల్లో పంపేవారు. కందిపొడికీ గోంగూర పచ్చడికీ మధ్య ఇంగ్లీషు గ్రామరు వచ్చేది. క్యాసెట్ డబ్బా తెరిస్తే ముందు ఇంగువ వాసన కొట్టేది. నాకు ఆ వాసన ఇప్పటికీ ఇష్టం.

మాస్టారి పద్ధతి పాతది. ఆయన చెప్తారు, మనం రాసుకోవాలి, రాసుకున్నది బట్టీ పట్టాలి. కామా తప్పినా ఒప్పుకోరు. మొదటి టర్మ్ పరీక్షలో ఆయన నోట్సంతా పొల్లుపోకుండా దించేసి వచ్చాను. టీచరు ఎర్ర ఇంకుతో 'ఇవి ఎవరి మాటలు?' అని రాసి ఫెయిల్ చేసింది. ఆ కాగితం చూసి నాన్న నన్ను తిట్టలేదు. గుంటూరు కాలేజీ దరఖాస్తు తెప్పించాడు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం బడి నుంచి వచ్చి అమెరికా కథల పాఠమున్న క్యాసెట్ పెట్టుకుని కూర్చున్నాను. మా టేప్‌రికార్డర్‌లో ఒక సైడు అయిపోతే రెండోది దానంతటదే తిరుగుతుంది. అంతవరకు నేను మొదటిదైన 'ఏ' సైడు తప్ప వినలేదు, నోట్సంతా అందులోనే ఉండేది. ఆ రోజు ఆపడానికి బద్ధకించాను. బీ సైడు మొదలైంది.

"పుస్తకం మూసెయ్. ఆ మనిషి స్టేషను దాకా వెళ్ళి రైలెక్కకుండా ఎందుకు తిరిగొచ్చాడు? నీ మాటల్లో చెప్పు."

అది మాస్టారి గొంతే. అదే దగ్గు, మాటకు ముందు అదే పొడుం పీల్పు. పుస్తకం మూసి, వచ్చీరాని ఇంగ్లీషులో ఏదో చెప్పాను. కాసేపు టేపు గరగరలాడింది. "ఊఁ. అది నోట్సులోది. నీకేమనిపించిందో చెప్పు" అన్నారు.

నాకు భయమేమీ వేయలేదు. ఇన్నేళ్ళు పాఠం చెప్పిన మనిషికి పిల్లలెక్కడ తడబడతారో తెలియదా, అంచనాగా ఖాళీలు వదిలి ఉంటారనుకున్నాను. అప్పట్నుంచి రోజూ 'ఏ' సైడు రాసుకోవడం, బీ సైడుకి జవాబు చెప్పడం. తప్పు మాట్లాడితే దిద్దేవారు. ఒకసారి నా జవాబుకి ఆయన ఫక్కున నవ్వారు. ట్యూషన్‌లో ఆయన నవ్వగా నేనెన్నడూ చూడలేదు. బ్రిస్బేన్‌లో నాతో అంత తీరిగ్గా మాట్లాడినవాళ్ళు లేరు. నిజం చెప్పాలంటే, బడి వదిలేసరికి ఆ గొంతు కోసం ప్రాణం లాగేది.

పక్క యూనిట్‌లో రజియా ఆంటీ ఉండేవారు, గుంటూరావిడే. ఒకరోజు గిన్నె తిరిగిచ్చేందుకు వచ్చి, తలుపు దగ్గర కాసేపు నిలబడి విన్నారు.

"మీ సార్ ఫోన్‌లో క్లాస్ చెప్తున్నారా బేటా? లైన్ భలే క్లియర్‌గా ఉందే" అన్నారు.

"ఫోన్ కాదు ఆంటీ, క్యాసెట్."

"క్యాసెట్ అయితే నువ్ చెప్పేదాకా ఆగి ఎలా మాట్లాడతాడమ్మా?" అని నవ్వేసి వెళ్ళిపోయారు.

ఆవిడ వెళ్ళగానే టేపు కాస్త వెనక్కి తిప్పాను. అదే ప్రశ్న వచ్చింది. నేనూ అదే జవాబు చెప్పాను. గరగర. తర్వాత మాస్టారు, "ఇది ఇందాకే చెప్పావుగా. ముందుకెళ్ళు" అన్నారు.

టేపు ఆపేసి వంటింట్లోకి వెళ్ళి అమ్మను ఆనుకుని నిలబడ్డాను. ఆమె చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. నేనూ గుప్పెడు తీసుకుని కూర్చున్నాను. కాయలు చేతిలోంచి జారిపోతున్నాయి.

మర్నాడు మళ్ళీ టేపు పెట్టాను. పనిచేస్తున్న ప్రోగ్రాం జోలికి పోకూడదని నాన్న ఆ రోజుల్లో స్నేహితులతో అంటుండేవాడు. నేనూ అదే పాటించాను. మళ్ళీ ఎప్పుడూ వెనక్కి తిప్పలేదు. పరీక్షకి ఆరు వారాలే ఉన్నాయి. నాకు దెయ్యం కంటే హాస్టలంటేనే ఎక్కువ భయం.

పాసయ్యాను, మంచి మార్కులతోనే. అమెరికా కథల జవాబు కింద టీచరు ఈసారి పెద్ద టిక్కు పెట్టింది. నాన్న దరఖాస్తు చించేశాడు. ఆ సంతోషంలో అమ్మ క్యాసెట్లన్నీ తీసుకుని బీ సైడుల మీద మా పిన్నులకి కబుర్లు రికార్డు చేసి ఊరికి పంపేసింది. నా సాక్ష్యమంతటి మీదా మా అమ్మ ఇక్కడి వంకాయలకి రుచి లేదని మాట్లాడింది.

కొత్త సంవత్సరం వచ్చింది, కంప్యూటర్లు ఏమీ మరిచిపోలేదు. నాన్నకి సెలవు దొరికాక తెనాలి వెళ్ళాం. నేను ఒక్కదాన్నే మాస్టారింటికి వెళ్ళాను. ఆయన వరండాలో కూర్చున్నారు. మార్కులు చెప్పి కాళ్ళకి దండం పెట్టాను. ఆయన సంతోషించారు గానీ, మొహంలో ఏదో చిన్నబుచ్చుకున్నట్టు ఉంది.

"ఒక్క క్యాసెట్టూ తిరిగి పంపలేదేమే?"

నాకు అర్థం కాలేదు.

"బీ సైడంతా నీకోసం ఖాళీగా వదిలా కదా, పాఠం అప్పజెప్పి పంపుతావని. మొదటి క్యాసెట్ పట్టుకెళ్ళినాయనతో చెప్పా కూడా. ఏడాదంతా చూశా."

ఆ క్యాసెట్ తెచ్చినాయన ఆ మాట మాకు చెప్పనేలేదు.

"మీరే కదా మాస్టారూ, పుస్తకం మూసి సొంత మాటల్లో చెప్పమంది?"

"నేనా! సొంత మాటలా!" ఆయన నిజంగానే విస్తుపోయారు. "నా సర్వీసులో ఒక్కడితోనూ ఆ మాట అన్లేదే పిల్లా."

తర్వాత కుర్చీ నా వైపు జరుపుకున్నారు. "సరే, ఇప్పుడు చెప్పు" అన్నారు. నేను ఆ రైలెక్కని మనిషి కథ చెప్పాను, ఇంగ్లీషులో, నాకు అనిపించినట్టు. ఆయన ఎక్కడా ఆపలేదు, కామా కోసం కూడా అడ్డు రాలేదు. అయిపోయాక కళ్ళజోడు తీసి పంచె కొసతో తుడుచుకున్నారు.

"ఎవరు నేర్పారే నీకు ఇట్లా?" అని అడిగారు.

'మీరే' అనాలని నోటిదాకా వచ్చింది. అనలేకపోయాను. ఎవరో నాకు ఈ రోజుకీ తెలియదు.